ఓవర్‌క్లాకింగ్... ఫీజు కట్టక్కర్లేని ల్యాబ్

‘అన్నా, నా పీసీని ఓవర్‌క్లాక్ చేస్తే స్పీడ్ ఎంత పెరుగుతుంది?’ బీటెక్ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ తరచూ అడిగే ప్రశ్న ఇది. సూటిగా చెప్పాలంటే... పెద్దగా పెరగదు. ఇప్పటి ప్రాసెసర్లలో ఐదు శాతం, చిప్ బాగుంటే పది శాతం. అదీ అన్ని పనుల్లో కాదు. క్రోమ్ తెరుచుకోవడంలో, వర్డ్‌లో రెజ్యూమె టైప్ చేయడంలో మీకు తేడానే తెలియదు.

మరి అంతమాత్రానికి ఇంత తిప్పలు ఎందుకు? ఎందుకంటే ఓవర్‌క్లాకింగ్‌లో దొరికే అసలైన లాభం స్పీడ్ రూపంలో ఉండదు. ఒక యంత్రాన్ని కొలవడం, ఒక్కో అడుగు మార్చడం, దాని హద్దు ఎక్కడుందో కనుక్కోవడం, ఆ హద్దు నుంచి ఒక అడుగు వెనక్కి వచ్చి ఆగడం... ఇంజినీరు పని అంటే ఇదే. నాలుగేళ్ల కోర్సులో ఈ పని స్వయంగా చేసే అవకాశం చాలామందికి రాదు. ల్యాబ్‌లో రీడింగులు సీనియర్ల రికార్డు చూసి వేసేస్తాం, ఫైనలియర్ ప్రాజెక్టు అమీర్‌పేటలో కొనుక్కొచ్చేస్తాం. అలాంటప్పుడు ఇంట్లో ఉన్న డెస్క్‌టాప్ ఒక ఫీజు లేని ల్యాబ్.

అయితే ఒక మాట ముందే అనుకుందాం. చాలా ఇళ్లలో ఉన్నది ఒక్కటే కంప్యూటర్. నాన్న ఈఎంఐలు కట్టి కొన్నది. ఆన్‌లైన్ టెస్టులు, ప్రాజెక్టు ఫైళ్లు, చెల్లి క్లాసులు అన్నీ దాంట్లోనే. అది పాడైతే బాగు చేయించే డబ్బు మీ చేతిలో ఉండదు. కాబట్టి ఎలా మొదలుపెట్టాలో తెలుసుకోవడం ఎంత ముఖ్యమో, ఎక్కడ ఆగాలో తెలుసుకోవడం అంతకంటే ముఖ్యం.

గుణకారమే... అంతకుమించి ఏమీ లేదు

ప్రాసెసర్ స్పీడ్ రెండు సంఖ్యల గుణకారం. ఒకటి బేస్ క్లాక్. ఇప్పటి డెస్క్‌టాపుల్లో సాధారణంగా ఇది 100 మెగాహెర్ట్జ్. రెండోది మల్టిప్లయర్. 100ని 42తో గుణిస్తే 4200 మెగాహెర్ట్జ్, అంటే 4.2 గిగాహెర్ట్జ్. మల్టిప్లయర్‌ని 43 చేస్తే 4.3. కంపెనీ నిర్ణయించిన స్పీడ్ కంటే ఇలా ఎక్కువ పెట్టడమే ఓవర్‌క్లాకింగ్.

కంపెనీ తక్కువ స్పీడ్ పెట్టి ఎందుకు అమ్ముతుంది? ఒకే సిలికాన్ వేఫర్ మీద తయారైన చిప్‌లన్నీ ఒకేలా ఉండవు. కొన్ని తక్కువ వోల్టేజ్‌కే ఎక్కువ స్పీడ్ అందుకుంటాయి, కొన్ని అందుకోలేవు. అందుకే పరీక్షించి గ్రేడ్లుగా వేరుచేస్తారు. దీనికి బిన్నింగ్ అని పేరు. పండ్ల మార్కెట్‌లో మామిడికాయల్ని సైజులవారీగా ఏరినట్టే. ఒక గ్రేడ్‌లోని అన్నిటికంటే బలహీనమైన చిప్ కూడా, ఎండాకాలంలో, మామూలు కూలర్‌తో, ఏళ్ల తరబడి తప్పు చేయకుండా నడవాలి. ఆ భరోసా కోసం కంపెనీ వదిలే ఖాళీనే మార్జిన్ అంటారు. ఓవర్‌క్లాకర్ వాడుకునేది ఆ మార్జిన్‌నే.

ఒకప్పుడు ఈ మార్జిన్ భారీగా ఉండేది. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ అనే చవక ప్రాసెసర్ తెచ్చింది. దాని మల్టిప్లయర్ 4.5 దగ్గర లాక్ చేసి ఉండేది. కానీ మదర్‌బోర్డు బస్ స్పీడ్‌ని 66 మెగాహెర్ట్జ్ నుంచి 100కి మారిస్తే, 300 మెగాహెర్ట్జ్ చిప్ కాస్తా 450కి వెళ్లేది. ఏకంగా 50 శాతం! చవక చిప్ కొన్నవాళ్లు అంతకు ఎన్నో రెట్లు ఖరీదైన చిప్‌తో పోటీపడేవాళ్లు. ఓవర్‌క్లాకింగ్‌కి ఇంత పేరు రావడానికి ఆ రోజులే కారణం.

ఆ రోజులు ఎందుకు పోయాయి?

ప్రాసెసర్ తినే కరెంటు ఎలా లెక్కగడతారో డిజిటల్ ఎలక్ట్రానిక్స్‌లో చదివే ఉంటారు. డైనమిక్ పవర్ అనేది ఫ్రీక్వెన్సీకి, వోల్టేజ్ వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఫ్రీక్వెన్సీ పెంచితే చిప్ తడబడుతుంది, తడబడకుండా ఉండాలంటే వోల్టేజ్ పెంచాలి. ఇప్పుడు లెక్క వేద్దాం. ఫ్రీక్వెన్సీ 10 శాతం, వోల్టేజ్ 10 శాతం పెంచారనుకోండి. 1.1ని మూడుసార్లు గుణిస్తే 1.33. అంటే పవర్ మూడో వంతు పెరిగింది. 65 వాట్ల పని 86 వాట్లు దాటింది. దక్కిందేమిటి? పది నిమిషాల్లో అయ్యే పని, అన్నీ అనుకూలిస్తే, తొమ్మిది నిమిషాల ఐదు సెకన్లలో అవుతుంది. 55 సెకన్ల కోసం మూడో వంతు అదనపు వేడి!

ఈ లెక్క కంపెనీల్ని కూడా వదల్లేదు. 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 తెస్తామన్న ఇంటెల్, 2004 అక్టోబరులో ఆ ఆలోచన మానుకుంది. ఆ తర్వాత పరిశ్రమంతా ఎక్కువ కోర్ల దారి పట్టింది. ఇప్పుడైతే ప్రాసెసర్ తనను తానే ఓవర్‌క్లాక్ చేసుకుంటోంది. టర్బో బూస్ట్, ప్రెసిషన్ బూస్ట్ అని మీరు వినే పేర్ల అర్థం అదే. వేడి, కరెంటు, లోడ్ చూసుకుని క్షణక్షణం స్పీడ్ పెంచుకుంటుంది, తగ్గించుకుంటుంది. మనకు మిగిలే మార్జిన్ తక్కువ.

కాబట్టి స్పీడే కావాలంటే డబ్బు ఇంకో చోట పెట్టండి. హార్డ్‌డిస్క్ మీద నడిచే పాత పీసీకి ఎస్‌ఎస్‌డీ వేయించడం, ఒకే ర్యామ్ స్టిక్ ఉన్నచోట జోడీగా రెండోది పెట్టడం... ఏ ఓవర్‌క్లాకింగూ ఇవ్వలేని మార్పు ఇస్తాయి. ఓవర్‌క్లాక్ చేయడం కోసమే ఖరీదైన బోర్డు, వాటర్ కూలర్ కొనడం ఉద్యోగం లేని విద్యార్థికి దండగ. ఉన్నదాంతో నేర్చుకోవడమే ఇక్కడ మన లెక్క.

ముందు మీ మెషీన్ ఏంటో తెలుసుకోండి

అన్ని కంప్యూటర్లూ ఇందుకు ఒప్పుకోవు. ఇంటెల్‌లో పేరు చివర ‘కే’ అక్షరం ఉన్న డెస్క్‌టాప్ ప్రాసెసర్లకే మల్టిప్లయర్ తెరిచి ఉంటుంది. దానికి తోడు జెడ్ సిరీస్ చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు కావాలి. ఏఎండీ రైజెన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఎక్కువ భాగం తెరిచే ఉంటాయి. బి సిరీస్, ఎక్స్ సిరీస్ బోర్డులు సరిపోతాయి. ఏ320, ఏ520 లాంటి చవక బోర్డుల్లో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ ఉండదు. సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుంటే మీ ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ వివరాలన్నీ ఒకేచోట కనిపిస్తాయి.

ఇక వారంటీ. ప్రాసెసర్‌ని నిర్దేశించిన హద్దులు దాటించి నడిపితే వారంటీ పోవచ్చని ఇంటెల్, ఏఎండీ రెండూ చెబుతాయి. తమ సొంత సాఫ్ట్‌వేర్‌తో చేసినా సరే అంటాయి. అసెంబుల్డ్ పీసీని సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా బిల్లులు బయటికి తీసి, వారంటీ ఎంతకాలం ఉందో చూసి, ఇంట్లోవాళ్లకు ఒక మాట చెప్పి మొదలుపెట్టండి. ప్లేస్‌మెంట్ పరీక్షలు నడుస్తున్న వారంలో మాత్రం వద్దు. ముఖ్యమైన ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకో, డ్రైవ్‌లోకో కాపీ అయ్యాకే బయాస్ తెరవండి.

మొదటి రోజు ఏమీ మార్చొద్దు

ఇక్కడే చాలామంది తొందరపడతారు. యూట్యూబ్‌లో ఎవరో పెట్టిన నంబర్లు చూసి బయాస్‌లో అవే కొట్టేస్తారు. వాళ్ల చిప్ వేరు, కూలర్ వేరు, గది వేరు. వాళ్ల నంబర్లు మీకు పనికిరావు.

మొదటి రోజు చేయాల్సింది కొలవడం ఒక్కటే. ఒక నోట్‌బుక్ తీసుకోండి, లేదా ఎక్సెల్ షీట్ తెరవండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ ఉష్ణోగ్రత, వోల్టేజ్, స్పీడ్, వాట్లు అన్నీ చూపిస్తుంది. సినీబెంచ్ లాంటి పరీక్షని కనీసం మూడుసార్లు నడపండి. మూడు స్కోర్లూ రాయండి. అవి ఒకేలా రావు. ఆ తేడా ఎంతో తెలిస్తేనే, రేపు స్కోరు కాస్త పెరిగినప్పుడు అది నిజంగా పెరిగిందా, మామూలు ఊగిసలాటేనా అన్నది చెప్పగలరు. గది ఉష్ణోగ్రత కూడా రాయండి.

కొలిచాక శుభ్రం చేయండి. కరెంటు తీసేసి, క్యాబినెట్ తెరిచి, ఫ్యాన్ రెక్కల మధ్య దుమ్ము దులపండి. థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటే కొత్తది రాయండి. మళ్లీ కొలవండి. చాలా పాత మెషీన్లలో ఈ ఒక్క పనికే ఉష్ణోగ్రత గణనీయంగా దిగుతుంది, టర్బో ఎక్కువసేపు నిలబడుతుంది.

తర్వాత ర్యామ్. పెట్టె మీద 3200 అని రాసి ఉన్న డీడీఆర్4 కిట్లు చాలావరకు బోర్డులో పెట్టగానే 2133 దగ్గరో, 2666 దగ్గరో నడుస్తుంటాయి. బయాస్‌లో ఎక్స్‌ఎంపీ అనే ప్రొఫైల్ ఆన్ చేస్తేనే రాసిన స్పీడ్ వస్తుంది. ఏఎండీ డీడీఆర్5 బోర్డుల్లో దీని పేరు ఎక్స్‌పో. డబ్బులిచ్చి కొన్న స్పీడ్‌ని ఏళ్లపాటు వాడుకోనివాళ్లు ఎందరో. ఇది కూడా లెక్కప్రకారం ఓవర్‌క్లాకింగే. కాబట్టి ఆన్ చేశాక మెమ్‌టెస్ట్86తో ర్యామ్‌ని పరీక్షించడం తప్పనిసరి.

ఒక్కో అడుగు... ఒక్కో మార్పు

ఇక అసలు పని. ప్రాసెసర్ ఫుల్ లోడ్‌లో ఉన్నప్పుడు దాని వోల్టేజ్ ఎంత ఉందో మొదటి రోజే రాసుకున్నారు కదా. మొదటిసారి చేసేవాళ్లకు నేను చెప్పే నియమం ఒక్కటే: ఆ వోల్టేజ్ దాటొద్దు. బయాస్‌లో ‘ఆటో’ మీద వదిలేస్తే కొన్ని బోర్డులు అవసరానికి మించి వోల్టేజ్ ఇచ్చేస్తాయి. అందుకే మీరు రాసుకున్న విలువనే చేత్తో సెట్ చేయండి. లోడ్ పడినప్పుడు అది ఇంకాస్త తగ్గుతుంది, అది మామూలే. దాన్ని వీడ్రూప్ అంటారు.

ఇప్పుడు అన్ని కోర్లూ పనిచేస్తున్నప్పుడు వచ్చే మల్టిప్లయర్‌ని ఒకటి పెంచండి. సేవ్ చేసి విండోస్‌లోకి రండి. పది నిమిషాలు లోడ్ పెట్టండి. ఉష్ణోగ్రత, స్కోరు రాయండి. బాగుంటే ఇంకొకటి. ఎక్కడో ఒకచోట మెషీన్ బిగుసుకుపోతుంది, లేదా బ్లూస్క్రీన్ వస్తుంది. కంగారు పడక్కర్లేదు. అది మీ చిప్ చెప్పిన జవాబు. ఒకటో రెండో మెట్లు వెనక్కి రండి. అదే మీ హద్దు. మెషీన్ అసలు ఆనే కాకపోతే, కరెంటు తీసి, మదర్‌బోర్డు మీద ఉండే గుండ్రటి బ్యాటరీని కొద్దిసేపు తీసి పెట్టండి. లేదా క్లియర్ సీమాస్ జంపర్ వాడండి. బయాస్ పాత స్థితికి వచ్చేస్తుంది. ఇది ఎలా చేయాలో మీ బోర్డు మాన్యువల్‌లో ముందే చదివి ఉంచుకోండి.

ఒకేసారి రెండు మార్చొద్దు. ర్యామ్ స్పీడ్, మల్టిప్లయర్ కలిపి మార్చాక మెషీన్ ఆగిపోతే తప్పు దేనిదో మీకు తెలియదు. కోడ్‌లో బగ్ వెతికేటప్పుడూ ఇదే సూత్రం కదా!

రైజెన్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. అన్ని కోర్లకూ ఒకే స్పీడ్ గట్టిగా బిగిస్తే, ఒక్క కోర్ మీద నడిచే పనుల్లో స్పీడ్ తగ్గే ప్రమాదం ఉంది. ఎందుకంటే ఆ చిప్ ఒంటరి కోర్‌ని తనంతట తానే అంతకంటే పైకి తీసుకెళ్లగలదు. వాళ్లకు కర్వ్ ఆప్టిమైజర్ మంచి దారి. అందులో వోల్టేజ్‌ని కొద్దికొద్దిగా తగ్గిస్తాం. మిగిలిన వేడి, కరెంటు ఖాళీని చిప్పే స్పీడ్‌గా మార్చుకుంటుంది.

గ్రాఫిక్స్ కార్డ్ ఉన్నవాళ్లు మెమరీ స్పీడ్ పెంచుతూ పోతే ఇంకో వింత చూస్తారు. ఒకచోట దాటాక నంబరు పెరుగుతుంది, స్కోరు మాత్రం తగ్గుతుంది. తప్పులు వచ్చిన డేటాని కార్డు మళ్లీ మళ్లీ పంపుకోవాల్సి రావడమే కారణం. స్క్రీన్ మీద పెద్ద నంబరు కనిపించినంత మాత్రాన పని వేగంగా జరుగుతున్నట్టు కాదు. ఈ పాఠం సర్వర్ల దగ్గర పనిచేసేవాళ్లకు రోజూ పనికొస్తుంది.

వోల్టేజ్‌తో ఆటలొద్దు

ఫ్రీక్వెన్సీ ఎక్కువైతే చిప్ ఆగిపోతుంది, అంతే. రీస్టార్ట్ చేస్తే మామూలే. వేడి ఎక్కువైనా ఇప్పటి చిప్‌లు తమను కాపాడుకుంటాయి. చాలా ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లు 100 డిగ్రీల దగ్గర, రైజెన్ 7000 చిప్‌లు చాలావరకు 95 దగ్గర స్పీడ్ తగ్గించేసుకుంటాయి. వోల్టేజ్ మాత్రం అలా కాదు. అది చేసే నష్టం చాలాసార్లు కంటికి కనపడదు, నెమ్మదిగా పేరుకుంటుంది, వెనక్కి తిరగదు.

ఇందుకు ఈ మధ్యే రెండు పెద్ద ఉదాహరణలు చూశాం. 2023లో రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కొన్ని కాలిపోయాయి. మెమరీ ప్రొఫైల్ ఆన్ చేసినప్పుడు మదర్‌బోర్డులు ఎస్‌ఓసీ వోల్టేజ్ ఎక్కువ ఇవ్వడం మీద అందరి దృష్టీ పడింది. ఏఎండీ దాన్ని 1.3 వోల్టులకు పరిమితం చేస్తూ బయాస్ అప్‌డేట్లు ఇప్పించింది. 2024లో ఇంటెల్ 13వ, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు క్రాష్ అవుతున్నాయని ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది. చిప్‌కి ఎక్కువ వోల్టేజ్ వెళ్లడమే కారణమని ఇంటెల్ తేల్చి, మైక్రోకోడ్ సవరణలు విడుదల చేసింది, వారంటీని రెండేళ్లు పెంచింది. వీళ్లలో చాలామంది ఏ ఓవర్‌క్లాకింగూ చేయనివాళ్లే! కంపెనీ ఇంజినీర్ల చేతిలోనే ఇలా అయినప్పుడు, మనం బయాస్‌లో వోల్టేజ్ అంకె మార్చేముందు రెండుసార్లు ఆలోచించాలి. ఆ తరం ప్రాసెసర్ మీ దగ్గర ఉంటే ఓవర్‌క్లాకింగ్ మాట తర్వాత, ముందు బయాస్ అప్‌డేట్ చేయండి.

ఆగిపోవడం కంటే ప్రమాదం... ఆగకుండా తప్పు చేయడం

బ్లూస్క్రీన్ వచ్చే మెషీన్ నిజాయతీ గల మెషీన్. తప్పు జరిగిందని చెప్పేస్తుంది. అసలు భయం, ఏమీ చెప్పకుండా తప్పు లెక్క చేసే మెషీన్‌తో. మీ ప్రాజెక్టు ఫైల్ సేవ్ చేస్తున్నప్పుడు ఒక బిట్ తారుమారైతే, అది నెల తర్వాత ఫైల్ తెరుచుకోనప్పుడు గానీ తెలియదు.

అందుకే పది నిమిషాల పరీక్షతో సంబరపడిపోవద్దు. ప్రైమ్95 అనే ప్రోగ్రామ్ ఉంది. మెర్సెన్ ప్రధాన సంఖ్యల్ని వెతికే ప్రపంచవ్యాప్త ప్రాజెక్టు కోసం తయారైంది. ముందే జవాబు తెలిసిన లెక్కల్ని చేయించి, చిప్ ఇచ్చిన జవాబుతో పోల్చి చూస్తుంది. తేడా వస్తే ఆ క్షణమే చెబుతుంది. ఇది ఎంత కఠినమైన పరీక్ష అంటే, 2016లో ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్లలో కంపెనీ నుంచే వచ్చిన లోపం ఒకటి ఈ ప్రోగ్రామ్ నడుపుతున్నప్పుడే బయటపడింది. ఇలాంటి పరీక్ష కొన్ని గంటలు నడపండి. ఓసీసీటీ కూడా ఇదే పని చేస్తుంది. తర్వాత విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిచి, ‘వీయా లాగర్’ పేరుతో హార్డ్‌వేర్ తప్పులేమైనా నమోదయ్యాయేమో చూడండి. ఒక్కటి ఉన్నా ఒక మెట్టు దిగండి. ‘గేమ్ ఆడితే ఏం కావట్లేదు కదా’ అన్నది రుజువు కాదు.

మన ఎండలు, మన కరెంటు

విదేశీ వీడియోల్లో కనిపించని రెండు విషయాలు మనకు ఉన్నాయి. ఒకటి ఎండ. ఫ్యాన్ ఎంత పెద్దదైనా చిప్‌ని గది ఉష్ణోగ్రత కంటే చల్లబరచలేదు. గది వేడి ఎంత పెరిగితే చిప్ వేడి దాదాపు అంతే పెరుగుతుంది. జనవరిలో 25 డిగ్రీల గదిలో 78 చూపిన చిప్, మే నెలలో 40 డిగ్రీల గదిలో అదే లోడ్‌కి 93 దగ్గరికి వెళ్తుంది. రెంటచింతలలోనో, రామగుండంలోనో ఏసీ లేని గదిలో ఉన్నవాళ్లు సంక్రాంతి సెలవుల్లో కనుక్కున్న హద్దుని ఎండాకాలంలో నమ్మడానికి లేదు. మళ్లీ పరీక్షించాలి.

రెండోది కరెంటు. బయాస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే మదర్‌బోర్డు మూగబోయే ప్రమాదం ఉంది. యూపీఎస్ లేకుండా ఆ పని పెట్టుకోవద్దు. అలాగే చవక ఎస్‌ఎంపీఎస్ ఉన్న మెషీన్‌లో ఓవర్‌క్లాకింగ్ వద్దే వద్దు. అదనపు వాట్లు మోయాల్సింది అదే. అది పోతూపోతూ పక్కనున్నవాటిని కూడా తీసుకుపోగలదు.

ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ల సంగతేంటి?

నిజానికి విద్యార్థుల్లో ఎక్కువమంది దగ్గర ఉండేది ల్యాప్‌టాపే. చాలా ల్యాప్‌టాపుల్లో మల్టిప్లయర్ లాక్ చేసి ఉంటుంది. వోల్టేజ్ తగ్గించే వీలు కూడా చాలావాటిలో మూసేశారు. 2019లో ‘ప్లండర్‌వోల్ట్’ అనే భద్రతా లోపం బయటపడటం అందుకు కారణం. వోల్టేజ్‌ని కావాలని తగ్గించి చిప్‌తో తప్పు లెక్కలు చేయించి, రహస్యాలు రాబట్టొచ్చని పరిశోధకులు నిరూపించారు.

అయినా ల్యాబ్ మూతపడలేదు. పైకి వెళ్లలేకపోతే కిందికి వెళ్దాం. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ‘మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్’ అనే సెట్టింగ్ చాలా మెషీన్లలో ఉంటుంది. దాన్ని 100 నుంచి 99 చేస్తే సాధారణంగా టర్బో ఆగిపోతుంది. రెండు స్థితుల్లోనూ ఒకే పని, అంటే ఒక వీడియో కన్వర్ట్ చేయడమో, ఒక పెద్ద ప్రోగ్రామ్ కంపైల్ చేయడమో, చేసి చూడండి. ఎంత సమయం పట్టింది? ఉష్ణోగ్రత ఎంత దిగింది? బ్యాటరీ ఎంత ఖర్చయింది? మొత్తం ఎనర్జీ ఎందులో తక్కువ? పైసా ఖర్చు లేదు, చిప్‌కి ప్రమాదం లేదు. ఇందాక వేసిన వాట్ల లెక్క మీ మెషీన్ మీదే కళ్లకు కడుతుంది.

దీంతో ఉద్యోగం వస్తుందా?

రాదు. రెజ్యూమెలో హాబీల కింద ‘ఓవర్‌క్లాకింగ్’ అని రాసినంత మాత్రాన ఎవరూ పిలవరు. కానీ ఈ పనికీ ఉద్యోగాలకూ ఒక నిజమైన సంబంధం ఉంది.

హైదరాబాద్‌లో ఏఎండీ, ఇంటెల్, క్వాల్‌కామ్, ఎన్విడియా, మైక్రాన్ లాంటి కంపెనీల ఇంజినీరింగ్ కేంద్రాలు ఉన్నాయి. చిప్ పరిశ్రమలో పోస్ట్ సిలికాన్ వాలిడేషన్ అనే విభాగం ఒకటి ఉంటుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన చిప్‌ని రకరకాల వోల్టేజ్‌ల వద్ద, ఫ్రీక్వెన్సీల వద్ద, ఉష్ణోగ్రతల వద్ద నడిపి ఎక్కడ పాసవుతుంది, ఎక్కడ ఫెయిలవుతుందో గళ్ల పటంలా గీస్తారు. దాన్ని ష్మూ ప్లాట్ అంటారు. మీరు ఇంట్లో చేసింది దాని చిన్న రూపమే. వోల్టేజ్‌ని మామూలు విలువ నుంచి కిందికి నాలుగు మెట్లు, ఫ్రీక్వెన్సీ ఐదు మెట్లు తీసుకోండి. మొత్తం 20 గళ్లు. ఒక్కో గడిలో పాస్ లేదా ఫెయిల్. హెచ్‌డబ్ల్యూఇన్ఫో రీడింగుల్ని సీఎస్‌వీ ఫైల్‌గా సేవ్ చేస్తుంది. దాన్ని పైథాన్‌లోకి తీసుకుని గ్రాఫ్ గీయండి. ఈసీఈ వాళ్లకు ఇది హార్డ్‌వేర్ ప్రాజెక్టు, సీఎస్‌ఈ వాళ్లకు డేటా ప్రాజెక్టు.

కొనుక్కొచ్చిన ప్రాజెక్టు ఇంటర్వ్యూలో ఎక్కడ కూలిపోతుందో తెలుసా? రెండో ప్రశ్న దగ్గర. ‘ఏం చేశావు?’ అన్నదానికి జవాబు బట్టీ పట్టొచ్చు. ‘అలాగే ఎందుకు చేశావు? వేరేలా చేస్తే ఏమయ్యేది?’ అన్నదానికి పట్టలేం. అదే మీ సొంత నోట్‌బుక్ ఉందనుకోండి. ‘4.4 దగ్గర సినీబెంచ్ పాసైంది, ప్రైమ్95 నలభై నిమిషాలకు ఫెయిలైంది. అందుకే 4.3 దగ్గర ఆగాను’ అని చెప్పగలిగిన కుర్రాడు, ఆ ఒక్క వాక్యంలో టెస్టింగ్ అంటే ఏంటో తనకు తెలుసని చూపించేస్తాడు. అతను వెళ్లేది చిప్ కంపెనీకా, సాఫ్ట్‌వేర్ కంపెనీకా అన్నది తర్వాత. వాలిడేషన్ ఉద్యోగానికి డిజిటల్ ఎలక్ట్రానిక్స్, సీ, పైథాన్, కంప్యూటర్ ఆర్కిటెక్చర్ ఎలాగూ చదవాలి. నోట్‌బుక్ ఉన్నవాళ్లకు ఆ పాఠాలు త్వరగా అర్థమవుతాయి. పేజీలో ఉన్న సూత్రం వాళ్లు ఇంట్లో చూసినదే కాబట్టి.

ఇంకో సంగతి గమనించండి. ఆ కుర్రాడు చెప్పిన గొప్ప 4.4కి వెళ్లడంలో లేదు, 4.3 దగ్గర ఆగడంలో ఉంది. ద్రవ నైట్రోజన్ పోసి రికార్డులు బద్దలు కొట్టేవాళ్లు ఉన్నారు. 2022 డిసెంబరులో కోర్ ఐ9 13900కే చిప్‌ని ద్రవ హీలియంతో 9 గిగాహెర్ట్జ్ దాటించారు. చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ దాంతో ఎవరూ రేపు ఉదయం ఆన్‌లైన్ టెస్ట్ రాయరు. మీ కంప్యూటర్ రాయాలి.

ఈ వారాంతంలో ఒక గంట తీసుకోండి. బయాస్ జోలికి వెళ్లొద్దు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో, సినీబెంచ్ వేసుకుని, మూడుసార్లు నడిపి, నోట్‌బుక్ మొదటి పేజీలో తేదీ, గది ఉష్ణోగ్రత, మూడు స్కోర్లు, గరిష్ఠ ఉష్ణోగ్రత, వోల్టేజ్ రాయండి. మల్టిప్లయర్ సంగతి రెండో పేజీలో చూద్దాం.